సుంకులమ్మ వంతు

అనగా అనగా, ఒక రాజు పోయి ఇంకో రాజు రాని కాలం. నేను చూడలేదు. మా తాతకు తాత చూశాడట, అబద్ధమైతే ఆయన్నే అడగండి.

పట్టపగలే దొంగలు ఊళ్ల మీద పడేవాళ్లు. చెప్పుకుందామంటే కొత్వాలు లేడు. అందుకని రాళ్లవాగు ఊరివాళ్లు తమ కాపలా తామే పెట్టుకున్నారు. ఒక వెదురుకర్ర, రోజుకొక ఇంటి వంతు. కర్ర ఎవరింట ఉంటే ఆ రోజు ఊళ్లో వాళ్లదే మాట.

ఆ కర్రను నిప్పు మీద కాచి, వంకర తీసి ఇచ్చింది బుట్టలల్లే సుంకులమ్మ. ఒంటరి ముసలమ్మ. ఆమె గుడిసెకు మాత్రం వంతు వేయలేదు.

"మా ఇంటి వంతు ఎప్పుడొస్తాది ఓబన్నా?" అని ఊరిపెద్దను అడిగింది.

"నీ ఇంట్లో దోచేదానికి ఏముందిలే అవ్వా!" అని నవ్వాడు ఓబన్న.

మళ్లీ అడిగింది. మళ్లీ నవ్వాడు. మూడోసారి అడిగింది. "దొంగలొస్తే నాకూ భయమైతాది గదన్నా."

ఓబన్న ఈసారి నవ్వలేకపోయాడు. వంతు వేశాడు.

సరిగ్గా ఆమె వంతు రోజే, ఊరి ఎద్దులు పోయాయని, కుర్రాళ్లు ఒక కొత్త మనిషిని కట్టేసి ఈడ్చుకొచ్చారు. "కాళ్లు విరగ్గొడదాం!" అని కేకలు.

సుంకులమ్మ అతనికి నీళ్లు తాగించింది. "ఇతను ఎద్దులు తోలుకపోతుంటే చూసిందెవరు?"

ఎవరూ చూడలేదు.

"ఇతని దగ్గర ఎద్దులున్నాయా?"

లేవు.

"యా ఊరు, ఏం పని మీద వచ్చినావని అడిగినారా?"

ఎవరూ అడగలేదు.

"పక్కకు జరుగు అవ్వా," అన్నాడు ఓబన్న.

ఆమె కర్ర అడ్డం పెట్టింది. "ఈరోజు వంతు నాది. నా వంతు చెల్లకపోతే, రేపు నీ వంతు ఎవరికి చెల్లుతాది ఓబన్నా?"

ఓబన్న తనే కట్లు విప్పాడు. అప్పుడు అడిగితే తెలిసింది. పాపం, ఆ మనిషి పక్క ఊరివాడు. అతని ఎద్దులూ పోయాయి, వెతుక్కుంటూ వచ్చాడు.

కొన్నాళ్లకు సుంకులమ్మ పోయింది. వెనక ఎవరూ లేరు. అయినా ఆమె వంతు తీసేయడానికి ఓబన్న ఒప్పుకోలేదు. ఆమె వంతు వచ్చిన రోజు కర్రను ఖాళీ గుడిసె గడపకు ఆనించేవారు. ఆ రోజు ఊళ్లో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తేవారు కాదు. ఎంత మంచి మనుషులో! తలుచుకుంటే నాకు కడుపు నిండుతుంది.

గుడిసె కూలింది. రాజులొచ్చారు, పోయారు. ఠాణా కూడా వచ్చింది. ఇప్పటికీ రాళ్లవాగులో నలుగురు కలిసి ఒక్కడి మీద చెయ్యెత్తితే, ఎవరో ఒక ముసలాయన అంటాడు: "ఆగండ్రా! ఈరోజు సుంకులమ్మ వంతు."

ఏ రోజని ఎవరూ లెక్క చూడరు. ఎత్తిన చెయ్యి దించుతారు.