కొరడా లెక్క, బూరె లెక్క

పింగళకోట రాజు వసంతభూపతికి ఉన్నట్టుండి ఓ సరదా పుట్టింది. చుట్టుపక్కల రాజ్యాలన్నింట్లో పని దొరక్క ఖాళీగా ఉన్నవాళ్లు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ? ఆ లెక్క తేల్చమని మంత్రి నరహరయ్యకి చెప్పాడు.

నరహరయ్యంటే మాటలా! మీసం దువ్వుకోడానికే సగం పొద్దు చాలని మనిషి. పక్షం తిరక్కుండానే సభలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"మహాప్రభూ! తూర్పున రత్నగిరిలో వందకి పన్నెండు మందికి పని లేదు. దక్షిణాన చంద్రవరంలో వందకి పదిహేను. మన పింగళకోటలోనా? సున్న! ఒక్కడంటే ఒక్కడు లేడు!"

రాజు మొహం చాటంత అయింది. "అయితే ఎండాకాలం పని లేనివాళ్ల కోసం తవ్విస్తున్న ఆ కాలువ ఇంకెందుకయ్యా? రేపే ఆపించెయ్," అన్నాడు.

పక్కన కూర్చుని రాజుగారి తమలపాకులకి సున్నం రాస్తున్న తిప్పన్న చెయ్యి ఆగిపోయింది. రాజుకి తాంబూలం అందించడం అతని కొలువు. అతని బావమరిది ఆ కాలువ దగ్గరే మట్టి మోస్తున్నాడు. కాలువ ఆగితే ఆ ఒక్క ఇంట్లోనే కాదు, ఎన్నో ఇళ్లల్లో పొయ్యిలో పిల్లి లేవదు. తిప్పన్నకి ఒళ్లు మండింది. అయినా పైకి నవ్వుతూ లేచాడు.

"మంత్రిగారూ, ఎలా లెక్కపెట్టారో కాస్త సెలవిస్తారా?"

"ఏముంది! పని లేనివాళ్లు కోట గుమ్మానికొచ్చి పేరు చెప్పుకోవాలి, వచ్చిన సోమరికి పది కొరడా దెబ్బలు అని దండోరా వేయించాను. ఒక్కడూ రాలేదు."

"మరి రత్నగిరిలో?"

"వచ్చినవాడికల్లా తవ్వెడు బియ్యం కొలిచారట. వెర్రి మాలోకాలు!"

తిప్పన్న రాజువైపు తిరిగాడు. "ప్రభూ, నిన్న సాయంత్రం మంత్రిగారు తమ సొంత కావ్యం చదివారు కదా. అప్పుడు ఎందరు కునికారో నాకూ లెక్క తేల్చాలనుంది."

రాజు నవ్వి, కానిమ్మన్నాడు.

"నిన్న కునికినవాళ్లు చెయ్యెత్తండి! తలకి పది కొరడా దెబ్బలు!" అని కేకేశాడు తిప్పన్న.

ఒక్క చెయ్యీ లేవలేదు. నరహరయ్య మీసం మెలేశాడు.

తిప్పన్న సైగ చేయగానే వంటవాడు రాజుగారి ఫలహారానికని వండిన గంపెడు బూరెలు తెచ్చి దించాడు. నేతి వాసన సభంతా కమ్మేసింది.

"మూకుట్లోంచి ఇప్పుడే తీసిన పూర్ణం బూరెలు! నిన్న కునికినవాళ్లకి మాత్రమే, తలా నాలుగు!"

సేనాపతి చెయ్యి లేచింది. రాజపురోహితుడైతే రెండు చేతులూ ఎత్తాడు. ఆ వెనకే సభలో చేతులన్నీ లేచాయి. అటూ ఇటూ చూసి రాజు కూడా మెల్లగా చెయ్యెత్తాడు. గంప ఖాళీ అయిపోతుందేమోనని నరహరయ్యకి ప్రాణం కొట్టుకుంది. అతనూ ఎత్తాడు.

"అదేమిటయ్యా, చదివింది నువ్వే కదా!" అన్నాడు రాజు.

"రెండో ఆశ్వాసంలో... చిన్న కునుకు పట్టింది ప్రభూ," అని నీళ్లు నమిలాడు నరహరయ్య.

సభ పగలబడి నవ్వింది. తిప్పన్న చేతులు జోడించాడు.

"ప్రభూ, కావ్యమూ అదే, సభా అదే. కొరడా పట్టుకుని లెక్కపెడితే సున్న, బూరె పట్టుకుని లెక్కపెడితే వందకి వంద!"

రాజు నవ్వు ఆగింది. ఒక్క క్షణం నరహరయ్యని తేరిపార చూశాడు.

"కాలువ ఆగదు. రేపు మళ్లీ దండోరా వెయ్యండి, వచ్చినవాడికల్లా తవ్వెడు బియ్యం. గుమ్మం దగ్గర కూర్చుని కొలిచే పని మంత్రిగారిది!"

అని, తన చేతి బంగారు కడియం తీసి తిప్పన్నకి తొడిగాడు. తిప్పన్న ఆశగా గంపవైపు చూశాడు.

"ఊహూఁ, బూరెలడక్కు," అన్నాడు రాజు గంప దగ్గరికి లాక్కుంటూ. "నువ్వు చెయ్యెత్తలేదుగా!"