ఆనిన కాలు

బూట్లు విప్పుకుంటూ శిష్యుల ప్రశ్నలు వినడం దైవసహాయం మాస్టారి అలవాటు. విశాఖ రేవుకు దగ్గరలోని ఒక కాలనీ సంఘభవనంలో, ఆదివారం తరగతి ముగిశాక, ఆయన గోడవారన చెక్కబల్లమీద కూర్చొని తీరిగ్గా లేసులు సడలిస్తుంటే, సందేహం ఉన్నవారు ఎదురుగా నిలబడి అడిగేవారు. ఆ అలవాటు ఇప్పుడు లేదు.

మాస్టారు యౌవనంలో ఓడలో వంటపని చేసి, దక్షిణ అమెరికా రేవుల్లో టాంగో నేర్చుకొని వచ్చారు. ఇద్దరు ఒకరినొకరు పట్టుకొని, ఒకరు నడిపిస్తుంటే మరొకరు అనుసరిస్తూ నడిచే నాట్యం అది. ఆయన దగ్గర పన్నెండేళ్ళు నేర్చుకున్న వకుళ కొత్తవారికి పాఠం చెప్పేది. వారిని చేర్చుకోవడమూ, చాలించమనడమూ ఆమె ఇష్టానికే వదిలారు మాస్టారు.

ఆ ఏడు ఆమె ఓపికకు అప్పలనరసయ్య రూపంలో పరీక్ష వచ్చింది. రైల్వేలో గార్డుగా చేసి విరమించిన మనిషి. భార్య పోయాక గోడలతో మాట్లాడలేక ఇక్కడికి వచ్చానని చేరిననాడే చెప్పుకున్నారు. మూడు నెలలు గడిచినా ఆయన ఎడమ కాలు సమయానికి లేచేది కాదు. వకుళ మొదట మెల్లగా చెప్పింది. తరువాత లెక్కపెట్టి చెప్పింది. చివరికి పళ్ళు బిగబట్టి చెప్పింది. ఈయనతో ఆడటమంటే బీరువా జరపడమేనని రాజ్యం అనే శిష్యురాలు నలుగురిలో అంటే, అందరికంటే ముందు నవ్వింది అప్పలనరసయ్యే. "బుర్రకి తెలుస్తందమ్మా, కాలికే సెప్పేవోళ్ళు లేరు" అన్నారు. వకుళకు నవ్వు రాలేదు. రానురాను ఆయనకు జోడీగా నిలిచేవారే కరవయ్యారు.

ఒక ఆదివారం, కాసేపు వరండాలో కూర్చోమని అప్పలనరసయ్యకు చెప్పి, వకుళ మాస్టారి ఎదుటికి వచ్చింది. ఇక తరగతికి రావద్దని ఆయనకు ఈ పూటే చెప్పేస్తానని, తనవల్ల కాదని, మిగిలినవారి పాఠం కూడా పాడవుతున్నదని ఊపిరి తిప్పుకోకుండా ఏకరువు పెట్టింది.

"ఎన్నిసార్లు చెప్పినా రానివారికి ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి మాస్టారూ?"

మాస్టారు సడలించిన లేసులు తిరిగి బిగించుకున్నారు. లేచి పాట పెట్టారు. తనను నడిపించమని, తన ఎడమ కాలు వెనక్కి వేయించమని మాత్రం చెప్పి ఆమె ముందు నిలిచారు. వకుళకు ఒళ్ళు మండింది. సూటిగా అడిగినదానికి సూటిగా చెప్పడం ఈ మనిషికి పన్నెండేళ్ళలో ఒక్కనాడూ చేతకాలేదు. అయినా పట్టుకొని అడుగు ముందుకు వేసింది. మాస్టారు కదలలేదు. ఎడమ కాలండీ, అంది. విన్నానన్నారు. మళ్ళీ ఒత్తింది, గోడను ఒత్తినట్టే ఉంది. మూడోసారి చెప్పేటప్పటికి ఆమెకు తన గొంతే వినిపించింది: అప్పలనరసయ్య దగ్గర లేచే గొంతు.

"మీరు కావాలనే మొరాయిస్తున్నారు" అంది.

"లేదమ్మా. ఆ కాలు తీస్తే పడిపోతాను."

అప్పుడు గాని వకుళ కిందికి చూడలేదు. మాస్టారి ఒంటి బరువంతా ఎడమ పాదంమీదే ఉంది. కుడి పాదం మునివేళ్ళు మాత్రమే నేలకు తగులుతున్నాయి. ఆమె తన ఒంటిని కొద్దిగా పక్కకు ఒరిగించింది. దానితో పాటే ఆయన బరువు కుడి పాదంమీదికి మారింది. ఎడమ కాలు దానంతట అదే వెనక్కి వెళ్ళింది.

పాట ముగియకముందే వకుళ వరండాలోకి నడిచింది. తీర్పు వినడానికి సిద్ధపడి, సంచీ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న అప్పలనరసయ్యను, మూడు నెలల్లో మొదటిసారిగా, ఒక ప్రశ్న అడిగింది. కుడి మోకాలమ్మా, అన్నారు ఆయన. పదేళ్ళ కిందట బండి దిగుతూ జారిపడ్డారట. అప్పటినుంచి దానిమీద బరువు మోపాలంటే భయం. మోపగలరు గాని, కాస్త వ్యవధి కావాలి. వకుళ లోపలికి రమ్మని తానే జోడీగా నిలిచింది. ఆయన బరువు ఆ కాలిమీదికి చేరేదాకా ఆగి, చేరాకనే కదిలింది. గదికి ఆ చివరనుంచి ఈ చివరికి వారు నడిచేలోగా రెండు పాటలు అయిపోయాయి. వచ్చే ఆదివారం పది నిమిషాలు ముందుగా రమ్మని చెప్పి పంపింది.

తరువాత మాస్టారూ, ఆమే కలిసి ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చారు. వచ్చే ఆదివారానికి మాస్టారు ఉండరని ఇద్దరికీ తెలియదు. వకుళకు కోపం ఇంకా చల్లారలేదు. అది ఇప్పుడు ఆయనమీదికి తిరిగింది. మూడు నెలలుగా చూస్తూ కూర్చున్నారు గదా, అప్పలనరసయ్య బరువు ఎక్కడుందో మొదటిరోజే తనకు చెప్పేస్తే ఏం పోయేదని నిలదీసింది.

"నీ బరువు ఎక్కడుందో నాకూ ఇవాళే తెలిసిందమ్మా" అని, మాస్టారు మరో కుర్చీ అందించారు.