అన్నీ మురిగాయనుకున్న కోడి

వరస కాస్త అటూ ఇటూ అయితే ఏమనుకోకండి, ఈ మధ్య నాకు ముందుది వెనక్కి పోతోంది. జరిగింది మాత్రం పశువుల పాకలోనే.

ఆ పాకలో ఒక మూల, గంపలో వరిగడ్డి మీద కూర్చుని పర్లమ్మ అనే కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. పక్కనే గుంజకు కట్టేసిన గేదె కర్రెమ్మ. పోయిన వానల్లో కప్పు కారి, గడ్డి తడిసి, పర్లమ్మ గుడ్లన్నీ మురిగిపోయాయి. ఆ తర్వాత కప్పు బాగుచేయించారు, గడ్డి మార్చారు. పర్లమ్మకు మాత్రం తను కూర్చుంటే ఏ గుడ్డూ పిల్ల కాదని ఖాయమైపోయింది. గుడ్డు కదిలితే పగిలిందేమో అనుకునేది, కదలకపోతే చచ్చిందేమో అనుకునేది. అనుకున్నదంతా పైకి గొణిగేది కూడా.

ఆ గొణుగుడు గోడ కన్నంలోంచి దానయ్య అనే ముంగిస వినేవాడు. పెట్ట గంపలో ఉండగా గుడ్ల జోలికి పోతే కళ్ళు పొడుస్తుందని వాడికి తెలుసు. అందుకని ఆమె మాటలే ఆమెకు వడ్డించసాగాడు. పోయినసారి మురిగాయి కదా, ఈసారీ అంతేనని, ఆమె ఒంటి వేడే మంచిది కాదని ఎంతో విచారంగా చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఏది తన ఆలోచనో ఏది వాడి మాటో పర్లమ్మకు తెలియకుండా పోయింది. చివరికి గంప వదిలేద్దామని ఒక కాలు బయట పెట్టింది.

కర్రెమ్మ నెమరు ఆపింది. “ఎక్కడికే?”

“అన్నీ మురిగాయి పిన్నీ.”

“ఏ గుడ్డు?”

“అన్నీ.”

“అట్లా కాదు. ఏ గుడ్డో చూపించి పో.”

పర్లమ్మ వెనక్కి తిరిగి గంపలోకి చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి.

“నేను నెమరేస్తే పాలొస్తాయి. పొద్దస్తమానం అదే నెమరేసి నువ్వేం పిండావే?” అని కర్రెమ్మ మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది.

పర్లమ్మకు ఒళ్ళు మండింది. చూపించి తీరుదామని కూర్చుని, ఒక్కో గుడ్డునూ ముక్కుతో తిప్పి పొట్టకు ఆనించుకుంది. ఒకటి వెచ్చగా ఉంది, లోపల మెదిలింది. దాని పక్కదీ అంతే. అంచున ఉన్న ఒకటి మాత్రం ఎంతసేపు ఆనించుకున్నా చల్లగానే ఉంది. అది నిజంగానే మురిగింది. ఏడుద్దామనుకుంది గానీ, మిగతావి కింద కదులుతుంటే తీరిక దొరకలేదు.

సాయంత్రం దానయ్య వచ్చాడు. “ఇంకా కూర్చున్నావా వదినా? నువ్వు దిగు, కంపు బయటికి రాకుండా అన్నీ నేను పారేస్తా.”

“ఏ గుడ్డు పోయింది దానయ్యా?”

“నువ్వేగా అన్నీ అన్నావు.”

“అన్నాను. తర్వాత చూశాను. మురిగింది ఇదొక్కటే, తీసుకుపో” అని దాన్ని ముక్కుతో వాడి ముందుకు దొర్లించింది.

ఆమె దిగులు మాటలు నిజం కావని దానయ్యకు అందరికంటే బాగా తెలుసు. ఇదీ అట్లాంటిదేనని లోలోపల నవ్వుకుని, గుడ్డును కుడితి తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. ముంగిసల పద్ధతి ప్రకారం వెనక్కి తిరిగి, కాళ్ళ మధ్యనుంచి తొట్టికేసి విసిరి కొట్టాడు. అది ఢామ్మని పేలి, తల నుంచి తోక దాకా వాడి మీదే చిందింది. ఆ వాసన పట్టుకుని ఊళ్ళో కుక్కలన్నీ వాడు దూరిన ప్రతి కన్నం దగ్గరికీ వచ్చి కూర్చున్నాయి. వాడు ఆ పాక వదిలి, పొలాలు దాటి పోయాడు.

గంపలో గుడ్లు పిగిలి పిల్లలు వచ్చాయి. పర్లమ్మకు దిగులు ఇప్పటికీ వస్తుంది. ఆకాశంలో ఏ నీడ కదిలినా పిల్లలన్నీ పోయాయనిపిస్తుంది. ఏ పిల్ల పోయిందని తనను తానే అడిగి, చుట్టూ చూసి, మళ్ళీ పెంట కెలుక్కుంటుంది.

నీతి: అంతా పోయిందని చెప్పే ఆలోచనను, ఏది పోయిందో చూపించమని అడగాలి.

మనవరాలా వైదేహీ, గేదె పేరు కర్రెమ్మేనా? ముంగిస పేరు కూడా ఒకసారి చూసిపెట్టమ్మా.