కాటుకమ్మ ఎంచుకున్న దంతె

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ రాళ్లూ గడ్డీ కలిసిన ఒక బీడు. ఆ బీడు మీద బతికే గేదెల మంద ఒకటి ఉండేది. మందకు పెద్ద కాటుకమ్మ.

కాటుకమ్మ మాటంటే మాటే. దూడలు నీళ్లు తాగినా వరసలో తాగాలి. ఎవరి తోకా ఎవరి ముఖానికీ తగలకూడదు. చేసిన పనిలో వంక పెట్టడానికి చోటుండకూడదు. ఇక ఎవరి మీదనైనా కోపం వచ్చిందంటే, అది చింతచెట్టు వేరులాగా లోపలికి దిగేది. పైకి పెరకడం ఎవరి తరమూ కాదు.

ఆ యేడు వానలు ఆలస్యంగా వచ్చి, తొందరగా వెళ్లిపోయాయి.

"ఎండాకాలం గట్టిగా ఉంటుంది. గడ్డి పచ్చిగా ఉండగానే పాతర వేయాలి," అన్నది కాటుకమ్మ.

పాతర అంటే తెలుసుగా పిల్లలూ? గొయ్యి తవ్వి, పచ్చగడ్డి నింపి, గాలి చొరకుండా తొక్కి, పైన మూసేస్తారు. ఎండల్లో తీస్తే ఊరగాయలాగా ఊరి, కమ్మగా ఉంటుంది. కాటుకమ్మ కూతురు బొల్లి అప్పుడు చూలుతో ఉంది. ఎండల్లోనే ఈనుతుంది. ఆ పాతర గడ్డి ఉంటేనే దానికి పాలు.

గడ్డి కొరికి పడేశారు. ఇక పోగు చెయ్యాలి. దానికి దంతె కావాలి. దంతె అంటే వరసగా పళ్లు దిగేసిన అడ్డకర్ర. తాడు కట్టి మెడతో లాగితే, పడి ఉన్న గడ్డిని దువ్వెనలాగా దువ్వుకుంటూ వస్తుంది.

కబురు విని ముగ్గురు మూడు దంతెలు తెచ్చారు.

మొదట ఎలుగుబంటి వచ్చింది. దాని దంతె మద్దిమానుతో చేసింది. పళ్లు రోకళ్లంత ఉన్నాయి. లాగితే సగం గడ్డి సందుల్లోంచి జారి అక్కడే ఉండిపోయింది.

"ఇదేం దంతె నాయనా! దీని పళ్ల సందున నేనే దూరిపోతాను," అన్నది కాటుకమ్మ. ఎలుగుబంటి తల గోక్కుంటూ వెళ్లిపోయింది.

రెండోది అడవిపంది. దానిది ఇనుప దంతె. పళ్లు దగ్గర దగ్గరగా, నేలను గీరుకుంటూ పోతాయి.

"లాగి చూడు అత్తా! వెనక చీమ పళ్లు కుట్టుకుందామన్నా పరక దొరకదు," అన్నది పంది.

నిజమే. లాగినంత మేరా బీడు చీపురు పెట్టి ఊడ్చినట్టయింది. పోగు కొండలా లేచింది.

"అమ్మా, పోగులోంచి దుమ్ము లేస్తోందే," అన్నది బొల్లి.

"గడ్డి అన్నాక దుమ్ముండదా? నోరు మూసుకుని నిలబడు."

మూడోది ఏదుపంది. దాన్ని చూడగానే కాటుకమ్మ కొమ్ములు కిందికి దిగాయి. ఎప్పుడో ఒక ముసురులో ఏదుపంది దారి పక్కన బొరియ తవ్వింది. కాటుకమ్మ కాలు అందులో దిగబడింది. ఆ కాలు ఇప్పటికీ కుంటే. ఏదుపంది ఆ బొరియ పూడ్చింది. మూడుసార్లు వచ్చి తప్పయిందని మొక్కింది. మూడుసార్లూ కాటుకమ్మ ముఖం తిప్పుకుంది.

"అక్కా, ఇది వెదురు దంతె," అన్నది ఏదుపంది, దూరంగానే నిలబడి. "పళ్ల కొనలు నేలను తాకవు. గిట్ట మందం ఎత్తున పోతాయి. రాయి అడ్డమొస్తే వంగి దాటుతాయి. నాలుగు పరకలు వెనక మిగుల్తాయి, మిగలనీ. పోగులో మన్ను చేరదు. మన్ను చేరితే పాతర కుళ్లుతుంది అక్కా."

బొల్లి తాడు తగిలించుకుని లాగింది. గడ్డి తేలిగ్గా, జడలాగా చుట్టుకుంటూ వచ్చింది. వెనక అక్కడక్కడా పరకలు మిగిలాయి.

కాటుకమ్మ రెండు పోగుల దగ్గరా వంగి రుచి చూసింది. వెదురు దంతె గడ్డి కమ్మగా ఉంది. ఇనుప దంతె గడ్డి నోట పెట్టుకుంటే పళ్ల కింద ఇసుక కరకరమంది. కాటుకమ్మకు తెలిసింది. తెలిసీ, గుటుక్కున మింగి తలెత్తింది.

"ఇన్ని పరకలు వదిలేది కూడా ఒక దంతేనా? నా మందలో ఇలాంటి పని సాగదు. పంది దంతె ఉంచండి."

మందంతా అవునవునంది. ఏదుపంది తన దంతెను ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. పరకల మాట ఒక నెపం, పిల్లలూ. కాటుకమ్మ తూచింది దంతెను కాదు, తన కుంటికాలిని.

ఇనుప దంతెతో పోగు చేసిన గడ్డితోనే పాతర నింపి మూశారు. ఎండలొచ్చాయి. వాగు ఎండింది. పాతర తీశారు. గుప్పున కంపు కొట్టింది. పైపొరే పోయిందేమో అని లోపలికి తవ్వారు. అడుగుదాకా నల్లగా, జిగటగా, బూజు పట్టి ఉంది. ఆకలికి ఆగలేక తిన్న గేదెలు కడుపుబ్బి పడిపోయాయి.

కాటుకమ్మ పంది మీదికి పోయింది. "ఎంత మోసం చేశావురా!"

"మోసమేముంది అత్తా? పరక మిగలకూడదన్నావు, మిగల్లేదు. నేలను గీకేది మన్ను తేక పాయసం తెస్తుందా?" అని పంది అటు తిరిగి పడుకుంది.

బొల్లి ఈనింది. నుదుట తెల్లమచ్చ ఉన్న పెయ్య. తడబడుతూ లేచి పొదుగు పట్టుకుంది. నాలుగు చన్నులూ చీకింది. మళ్లీ మొదటిదానికి వచ్చింది. పాలు లేవు. కాటుకమ్మ ఎండు కొమ్మలు విరిచి తెచ్చింది, నెర్రెల్లోంచి వేళ్లు తవ్వి తెచ్చింది. బొల్లి తిన్నది. అయినా పాలు దిగలేదు. మూడోనాటి పొద్దుటికి పెయ్య లేవలేదు.

బొల్లి పెయ్య ఒళ్లు నాకుతూ కూర్చుంది. తల్లిని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాటుకమ్మ తట్టుకునేది.

ఆ రోజు పట్టపగలు, మందంతా చూస్తుండగా, కాటుకమ్మ కుంటుకుంటూ ఏదుపంది బొరియ దగ్గరికి పోయింది. మోకాళ్లు వంచింది.

"తమ్ముడూ, నీ దంతె మంచిదని ఆ రోజే నాకు తెలుసు."

ఏదుపంది ముళ్లు లేపలేదు. లోపలికి పోయి దంతె ఈడ్చుకొచ్చింది.

"తీసుకో అక్కా. దంతె ఎప్పుడడిగినా ఇస్తాను. పోయిన గడ్డినీ, పోయిన బిడ్డనీ ఎక్కణ్నుంచి తేను?"

కాటుకమ్మ తాడు మెడకు తగిలించుకుంది. మాడిపోయిన బీడు మీదుగా దంతెను ఈడ్చుకుంటూ నడిచింది. దాని పళ్లకు ఏమీ చిక్కలేదు.

నీతి: పనిముట్టును పనిలో పెట్టి చూసి ఎంచుకోవాలి, చేసినవాడి మీది పాత కోపంతో కాదు. ఆ కోపం నీది, ఆకలి నీ పిల్లలది.