జోగినాథం కొట్టిన ఏడుగురు దొంగలు

గంధవరం బస్టాండు ఎదుట బట్టలు కుట్టే జోగినాథానికి జరిగినదాన్ని జరిగినట్టు చెప్పడం చేతకాదు. నాలుగు జాకెట్లు కుడితే తొమ్మిదనేవాడు. అతను ఏం చెప్పినా ఊరివాళ్ళు సగం కొట్టేసి వినేవారు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సందంతా కునికిపాట్లు పడుతుండగా, ఒక దొంగ ఇనుపకడ్డీతో అతని కొట్లోకి దూరాడు. జోగినాథం బట్టలు కత్తిరించే బల్ల కిందికి దూరాడు. మనిషంతా పట్టాడు గానీ కుడిచెయ్యి బయటే ఉండిపోయింది. దొంగ దానిమీద ఒక్కటేసి, బల్లమీది సెల్‌ఫోను తీసుకుని పోయాడు.

బొటనవేలి ఎముక విరిగింది. నెలలోపు ఆపరేషన్ జరక్కపోతే ఇక కత్తెర పట్టుకోలేడని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కు సరిపడా డబ్బు ఇంట్లో లేదు. భార్య మంగతాయారు స్టేషనుకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు ఫిర్యాదు రాయించింది. ఇలా దాడుల్లో దెబ్బలు తిన్నవాళ్ళకు ప్రభుత్వం పరిహార నిధి పెట్టిందని అక్కడే విని, దానికీ దరఖాస్తు పెట్టింది.

జోగినాథం మాత్రం కట్టుకట్టిన చేత్తో సూర్యం టీకొట్టుకు వెళ్ళాడు. ఏమైందని అందరూ అడిగారు. బల్ల కింద దూరానని చెప్పడానికి నోరు రాలేదు.

"దొంగ దవడమీద ఒక్కటిచ్చాను. పాడు దవడ, నా వేలే విరిగింది," అన్నాడు.

సూర్యం మురిసిపోయి టీకి డబ్బులు వద్దన్నాడు. మర్నాటి టీకి దొంగలు ఇద్దరయ్యారు. రోజుకో ఉచిత టీ, టీకో దొంగ చొప్పున వారం తిరిగేసరికి ఏడుగురయ్యారు.

పదోరోజున ఆ దరఖాస్తు విచారణకు వరూధిని అనే అధికారిణి వచ్చింది. టీకొట్టు బెంచీమీద కూర్చుని, జోగినాథానికి దెబ్బ ఎలా తగిలిందని అడిగింది. సాయం చేస్తున్నామనుకుని చుట్టుపక్కలవాళ్ళంతా అతని వీరత్వాన్ని పోటీపడి వర్ణించారు.

"ఏడుగురు మేడమ్! అతని లెక్కలో సగం కొట్టేసినా మూడున్నర మంది," అన్నాడు సూర్యం.

ఆమె జోగినాథాన్నీ మంగతాయారునూ అక్కడికే పిలిపించింది.

"ఈ నిధి దెబ్బలు తిన్నవాళ్ళకు, జోగినాథం గారూ. వీళ్ళ మాటనుబట్టి దెబ్బలు తిన్నది ఆ ఏడుగురు. వాళ్ళ అడ్రసులేమైనా ఉన్నాయా?"

ఆమె సంచిలోంచి ఫిర్యాదు నకలు తీసింది.

"స్టేషను కాగితంలో దొంగ ఒక్కడే. మిగతా ఆరుగురు ఎక్కణ్ణించి వచ్చారు?"

సందంతా అతనివంకే చూస్తోంది. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే వేలు పోతుంది. జోగినాథం కట్టులోంచి తొంగిచూస్తున్న తన బొటనవేలి గోటిని చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన వేలు అది.

"చెప్పండి. బల్ల సంగతి కూడా చెప్పండి," అంది మంగతాయారు.

"ఒక్కడే," అన్నాడు జోగినాథం. "సన్నగా ఉన్నాడు. నేను ముట్టుకోలేదు. బల్ల కింద దూరాను. కొట్టొద్దని ఏడ్చాను కూడా."

ఎవరూ నవ్వలేదు. సూర్యం టీగిన్నె దించి, మెల్లగా చొక్కా చేతిని పైకి మడిచాడు. మోచేయి పైన వెడల్పాటి నల్లటి కమిలిన మచ్చ ఉంది.

"నాలుగు రోజుల కిందట నన్నూ వాడే కొట్టాడన్నా. అదే కడ్డీ. నువ్వేమో అప్పటికే ఆరుగుర్ని పడగొట్టేశావు. నేను ఒక్కడి చేతిలో తన్నులు తిన్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

వరూధిని సంచిలోంచి ఇంకో దరఖాస్తు ఫారం తీసింది. సూర్యం చెప్పిన ఆనవాళ్ళతో దొంగ ఆ వారంలోనే దొరికాడు. నెల నిండకముందే డబ్బు మంజూరై, జోగినాథం వేలికి ఆపరేషన్ జరిగింది. సూర్యం మాత్రం నిజమైన ఆ ఒక్క దొంగ తాలూకు టీ వదిలేసి, మిగతా ఆరు టీల డబ్బులు జోగినాథం దగ్గర వసూలు చేశాడు.

నీతి: దెబ్బ తినడం సిగ్గుపడాల్సిన పని కాదు, దాన్ని గొప్పల వెనక దాచుకుంటే మనకు రావలసిన సాయం మనకు రాదు, మనలాంటి ఇంకొకరి నోరూ మూతబడుతుంది.