హైమవతి చెప్పిన తొలి పలుకు

చదవడం కంటే చదివానని చెప్పుకోవడం మీద మక్కువ ఎక్కువైన హైమవతి అనే ఆవిడ పార్వతీపురంలో ఉండేది.

మొదట్నుంచీ అలాంటి మనిషి కాదు. ఒకప్పుడు పుస్తకం పట్టిందంటే పొయ్యి మీద అన్నం మాడినా తెలిసేది కాదు. అలాంటి ఆవిడ చేతికి కొత్త ఫోను వచ్చింది. ఎంత లావు పుస్తకాన్నయినా ఆ ఫోను నమిలి, పది వాక్యాలు చేసి పెట్టేది. కాఫీ చల్లారేలోగా నవల పూర్తయ్యేది. దాంతో మహిళా పఠన మండలిలో హైమవతిని మించిన చదువరి లేదని పేరు కూడా వచ్చేసింది.

"అరిసె రుచి తిన్నవాణ్ణి అడగాలి గానీ, తూకం వేసినవాణ్ణి అడిగితే ఏం చెబుతాడే?" అనేవాడు ఆవిడ భర్త జగన్నాయకులు.

"వారపత్రికని నెల రోజులు చదివే మీకెందుకు లెండి ఈ సంగతులు!" అనేది హైమవతి.

ఆ మండలిలో ఒక ఆచారం ఉండేది. సభ్యురాలెవరైనా పుస్తకం రాస్తే ఆవిష్కరణ రోజు దాకా కట్ట విప్పేవారు కాదు. ఒక్క ప్రతి మాత్రం ముందుగా ఒకరికి ఇచ్చేవారు. ఆవిడ చదివి వచ్చి, సభలో తొలి పలుకు చెప్పాలి. మిగిలినవాళ్ళకి ఆ మాటే వేదం.

కుట్టుపని నేర్పే సత్యవేణి ఒక నవల రాసింది. తొలి ప్రతి తెచ్చి హైమవతి చేతిలో పెట్టింది.

"అక్కా, ఆ రోజు ముందు వరుసలో ఒక పెద్దావిడ కూర్చుంటుంది. ఆవిడకి చదువు రాదు. ఇందులో ఏముందో నేను చెబితే, బుజ్జగిస్తున్నానంటుంది. మీరు చెబితే నమ్ముతుంది. నమ్మితే నాతో ఇంటికొచ్చేస్తుంది. చివరి రెండు అధ్యాయాలూ మాత్రం జాగ్రత్తగా చదవండక్కా" అంది.

"నాకు చెప్పాలటే!" అని నవ్వింది హైమవతి. "కళ్ళు లాగుతున్నాయి, ఆ ప్రెస్సు ఫైలేదో ఫోనుకి కూడా పంపు."

ఆ పెద్దావిడ ఎవరని అడగాలని ఆవిడకి తోచనే లేదు.

సభ రోజున, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ హైమవతి ఫోను చేసిపెట్టిన పది వాక్యాలూ చూసుకుంది. ఒక తల్లి పసి కూతుర్ని చెల్లెలి గుమ్మంలో వదిలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. ఆ కూతురు నానా కష్టాలూ పడి పెరుగుతుంది. చివరికి తల్లిని కలుసుకుంటుంది. అంతే కథ.

వేదికెక్కాక హైమవతికి పూనకం వచ్చినట్టయింది. "పిల్లిని చూడండి! పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పుతుంది గానీ వదిలిపెట్టదు. ఈ తల్లికి ఆ పిల్లికున్న పాటి ప్రేమ లేదు! ఇలాంటి తల్లి పగవాళ్ళకి కూడా వద్దు. ఈ నవల చెప్పేది అదే!" అంది. హాలంతా చప్పట్లు మోగాయి.

ముందు వరుసలో ఒక ముసలావిడ లేచింది. మొండి వేళ్ళున్న చేతుల్ని కొంగులో దాచుకుని, తల వంచుకుని, గుమ్మం వైపు నడిచింది.

"అమ్మా!" అని సత్యవేణి కేక పెట్టింది.

హైమవతి వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. అమ్మా? ఎవరికి అమ్మ? చప్పట్లు ఎప్పుడు ఆగాయో ఆవిడకి తెలియలేదు. వాళ్ళ వెనకాలే బయటికి పరుగెత్తింది.

ముసలావిడ పైడమ్మ అప్పటికే ఆటో ఎక్కేసింది. "నాను రానన్నాను కదా, నువ్వెందుకు తెచ్చినావు? నీ పుస్తకంలో ఏటుందో ఆ సదివినామె సెప్పేసింది కదే, తల్లీ" అంది. ఆటో కదిలిపోయింది.

సత్యవేణి తిట్టలేదు, ఏడవలేదు. హైమవతి చేతిలోని పుస్తకం తీసుకుని తెరిచింది. కొత్త పుటలు అతుక్కునే ఉన్నాయి. విడదీస్తుంటే పటపటమన్నాయి. పుస్తకాన్ని తిరిగి హైమవతి చేతిలోనే పెట్టింది.

హైమవతి సిగ్గుతో చచ్చిపోయింది. అక్కడే మెట్ల మీద కూలబడి, ఆ చివరి రెండు అధ్యాయాలూ చదివింది. అందులో ఇలా ఉంది. తల్లి ఒంటి మీద మచ్చలు వచ్చాయి. కుష్ఠు అన్నారు. తన రోగం బిడ్డకి అంటకూడదని, తన పేరు చెప్పి బిడ్డని ఎవరూ వెలివేయకూడదని ఆవిడ వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగితే బిడ్డని ఎత్తుకోకుండా ఉండలేనని తిరగలేదు. జబ్బు నయమయ్యాక కూడా, బడి కంచె అవతల దూరంగా నిలబడి చూసి పోయేది. ఫోను చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ ఇవేవీ అందులో లేవు.

మర్నాడే హైమవతి పుస్తకం పట్టుకుని పైడమ్మ ఉండే కుష్ఠు రోగుల కాలనీకి వెళ్ళింది. అరుగు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ ఆ అధ్యాయాలు పైకి చదివింది. తలుపు అవతల నిలబడి పైడమ్మ అంతా విన్నది.

చివరికి, "ఇదంతా నిజంగా అందులో ఉందా అమ్మా, నన్ను సూసి జాలేసి అంటన్నావా?" అని అడిగింది.

"ఒట్టు పైడమ్మా, ఉన్నదే చదివాను!"

"నిన్న కూడా సదివినాననే అన్నావు కదమ్మా" అంది పైడమ్మ. ఆ గొంతులో కోపం లేదు. "నా కూతుర్ని పంపు. బుజ్జగించినా సరే, అది సదివితే ఇంటాను."

హైమవతి నిలువునా నీరైపోయింది. ఇన్నేళ్ళ చదువరి పేరు, చదువు రాని ఒక ముసలమ్మ ముందు చెల్లకుండా పోయింది. తల వంచుకుని, సత్యవేణిని పిలుచుకురావడానికి లేచింది.

నీతి: పది వాక్యాల్లో కథ తెలుస్తుంది గానీ మనిషి తెలియడు. పూర్తిగా చదవకుండా తీర్పు చెప్పినవాళ్ళు తర్వాత నిజం చెప్పినా నమ్మేవాళ్ళుండరు.