చుక్కమ్మ పిలుపు

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. చెప్పేవాళ్ళు దగ్గర లేకపోయారు. అందుకే రాస్తున్నాను. ఊ కొడుతూ చదువుకోండి.

అనగనగా ఒక అడవిలో గుమ్మడు అనే గున్న ఏనుగు. వాడి చెవి వెనక, చర్మం లోపల, కంటికి కనిపించనంత చిన్న కాపలా కణం ఒకటి ఉండేది. పేరు చుక్కమ్మ. ఆమె పుట్టిల్లు ఎముక లోపలి మూలుగ. కాపలాకు వచ్చినవాళ్ళు మళ్ళీ పుట్టింటికి వెళ్ళేది లేదు. అక్కడే ఉన్న తమ్ముళ్ళను తలుచుకోని పూట లేదు ఆమెకు.

ఒకనాడు గుమ్మడికి చెవి వెనక రేగుముల్లు గీసుకుంది. ఆ గాట్లోంచి బ్యాక్టీరియా అనే సూక్ష్మక్రిములు లోపలికి దూరాయి.

"అబ్బ, ఎంత మెత్తగా ఉందిరా! ఇక్కడే కాపురం పెట్టేద్దాం!" అన్నాయి.

"ఇదేమన్నా సత్రం అనుకున్నారా?" అంది చుక్కమ్మ. వెంటనే గట్టిగా పిలిచింది. "తమ్ముళ్ళూ, రండర్రా!"

నెత్తురు వాగులో తెల్లకణాలు పరుగున వచ్చాయి. దొరికిన క్రిమిని దొరికినట్టు మింగాయి. చర్మం ఎర్రబడింది, వేడెక్కింది, వాచింది. గుమ్మడు కుయ్యోమన్నాడు.

వాడి వీపు మీద వాలిన గోరువంక, "ఓర్చుకోరా అబ్బాయ్! లోపల నీవాళ్ళు నీకోసం పోట్లాడుతున్నారు. ఆ మాత్రం వాపు ఉంటుంది" అంది.

చుక్కమ్మ రెండోసారి పిలిచింది. ఇంకొందరు వచ్చారు. క్రిములన్నీ చచ్చాయి.

ఇక పిలవక్కర్లేదు. ఆ సంగతి చుక్కమ్మకూ తెలుసు. కానీ చుట్టూ తమ్ముళ్ళు! ఎన్నాళ్ళకు విన్నది పుట్టింటి మాటలు! పిలుపు ఆపితే మళ్ళీ ఎవరొస్తారు? మూడోసారీ పిలిచింది.

ఈసారి వచ్చినవాళ్ళకు క్రిములు దొరకలేదు. క్రిములను చంపడానికి వాళ్ళు చిమ్మే విషం మంచి చర్మాన్నే కాల్చింది. గుమ్మడు మంట తాళలేక చెవిని చెట్టుకేసి రుద్దాడు. గాయం పెద్దదైంది.

ఒక తమ్ముడు నీరసంగా చుక్కమ్మ పక్కన ఒరిగాడు.

"శత్రువేడీ అక్కా?"

"లేడురా. మిమ్మల్ని చూడాలనిపించి పిలిచాను."

వాడు నవ్వాడు. "చూశావుగా. పుట్టింటి గడప దాటాక మేం ఎక్కువకాలం బతకం అక్కా. నీ పిలుపు విని మూలుగలో ఇంకా ఎదగని బుడతలు కూడా బయలుదేరుతున్నారు."

చుక్కమ్మ ఉలిక్కిపడింది. "ముందే చెప్పొద్దూ!"

"పిలిచింది నువ్వు. ఆపదేమో అనుకున్నాం."

వాడు కళ్ళు మూశాడు. చుక్కమ్మ నోటిదాకా వచ్చిన పిలుపును మింగేసింది.

మెల్లగా మంట చల్లారింది. వాపు తగ్గింది. గాయం మానింది. గుమ్మడు చెవులాడిస్తూ మేతకు పోయాడు. బుడతలు మూలుగలోనే ఉండిపోయారు.

చుక్కమ్మ నెత్తురు వాగు వైపు తిరిగి కూర్చుంది. ఎవరూ రాలేదు. రాలేదంటే అందరూ క్షేమమే అనుకుంది. అనుకుందే గాని, చూపు తిప్పుకోలేకపోయింది.

నీతి: ఆపద వస్తే అయినవాళ్ళను పిలవాలి, ఆపద తీరాక, ఎంత బెంగగా ఉన్నా, పిలుపు ఆపాలి.

ఈ కథ మీలోనే దాచుకోకండి నాన్నా. మీ తర్వాతి చిన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, నోటితో చెప్పండి.